మూడో సిలిండర్ సంగతి

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారులో 1961 దాకా పెట్రోల్ ఎంతుందో చూపే మీటరే లేదు. ఇంజన్ ఎంత వేడెక్కిందో చూపే ముల్లు సంగతి సరేసరి. రేడియేటర్ లేదు, మరిగిపోయే నీళ్లు లేవు, ఇక కొలవడమెందుకన్న ధీమా కొంత ఉండొచ్చు. కానీ ఆ డ్యాష్‌బోర్డులో ఒక గడుసుతనం ఉంది. ఇంజన్‌కి గాలి కొట్టే ఫ్యానూ, బ్యాటరీ ఛార్జ్ చేసే డైనమో కూడా ఒకే షాఫ్టు మీద తిరుగుతాయి. రెంటికీ కలిపి బెల్టు ఒక్కటే. అది తెగితే ఛార్జింగ్ ఆగిపోయి ఎర్ర బల్బు వెలుగుతుంది. చూసేవాడికి బ్యాటరీ గోలలా కనిపిస్తుంది గానీ, అసలు కబురు వేరు: గాలి ఆగింది, బండి ఆపు. తెలియనివాడు ‘ఇల్లు చేరాక చూద్దాంలే’ అని మరో నాలుగు కిలోమీటర్లు లాగించాడంటే ఇంజన్ సీజ్ అవ్వొచ్చు.

ఆ బల్బుకి తెలిసింది అంతే. బెల్టు బాగానే ఉండి, ఫ్యాన్ తిరుగుతూనే ఉండి, లోపల సిలిండర్ హెడ్డు మెల్లగా కాలిపోతుంటే అది పలకదు.

బీటిల్‌లో నాలుగు సిలిండర్లు కుడివైపు రెండు, ఎడమవైపు రెండుగా పడుకుని ఉంటాయి. వేడి నలుగురూ సమానంగా పంచుకోరు. ఎడమవైపు ముందున్న మూడో సిలిండర్ పాపం మొదటినుంచీ కష్టజీవి. పాత ఇంజన్లలో ఆయిల్ కూలర్‌ని సరిగ్గా దానికి గాలి వెళ్లే దారిలోనే నిలబెట్టారు. వేడి ఆయిల్‌ని తడిమి వచ్చిన గాలే దానికి దక్కేది. ఈ సంగతి కంపెనీకి తెలియక కాదు. మూడో సిలిండర్‌లో స్పార్క్ మిగతావాటికంటే కొద్ది డిగ్రీలు ఆలస్యంగా పడేలా డిస్ట్రిబ్యూటర్‌నే చెక్కి పెట్టారు. 1971 మోడల్‌కి వచ్చాకగానీ కూలర్‌ని పక్కకు జరిపి దాని గాలిదారి దానికి ఇవ్వలేదు. జబ్బు తెలిసి కూడా ఇన్నేళ్లు చిట్కావైద్యంతో నెట్టుకొచ్చారన్నమాట.

కాబట్టి కొలవాలంటే మూడో సిలిండర్‌నే కొలవాలి. అందుకు వాడే పనిముట్టు కారుకంటే ఎంతో పెద్దది వయసులో. 1821లో బెర్లిన్‌లో థామస్ సీబెక్ రెండు వేర్వేరు లోహాల తీగల్ని కొసలు కలిపి, ఒక కొసని వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదలడం చూశాడు. వేడి నుంచి అయస్కాంతత్వం పుట్టిందనుకున్నాడాయన. పుట్టింది కరెంటు. ఇనుము, కాన్‌స్టాంటన్ తీగల జంటలో రెండు కొసల మధ్య 200 డిగ్రీల తేడా ఉంటే దాదాపు 11 మిల్లీవోల్టులు వస్తాయి. టార్చిలైటు సెల్లులో నూరోవంతు కూడా కాదు. అయినా సున్నితమైన ముల్లుని కదపడానికి అది చాలు. వేరే బ్యాటరీ అక్కర్లేదు. ఈ తీగల జంటనే థర్మోకపుల్ అంటారు.

దీన్ని ఇంజన్ హెడ్డుకు తగిలించడం విమానాలవాళ్లు నేర్పిన విద్య. బెంగళూరుకు ఆ విద్య కార్లకంటే ముందు ఆకాశంలోంచే దిగింది. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ 1940 డిసెంబరులో ఇక్కడ హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ పెట్టాడు. యుద్ధకాలంలో అది అమెరికన్ విమానాల మరమ్మతు కేంద్రమైంది. యుద్ధం ముగిశాక బ్రిటిష్ వాయుసేన లిబరేటర్ బాంబర్లను కాన్పూర్‌లో వదిలేసింది. పోతూ పోతూ మళ్లీ ఎగరకుండా పాడుచేసి మరీ పోయింది. హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు వాటికి అతుకులేసి, టెస్ట్ పైలట్ జంషెద్ మున్షీ చేత ఒక్కొక్కటే బెంగళూరుకు ఎగిరించుకొచ్చి, నలభైకి పైగా బాంబర్లను భారత వాయుసేనకు తయారుచేసి ఇచ్చారు. అవి 1968 దాకా కొలువు చేశాయి. ఒక్కో లిబరేటర్‌కి నాలుగు ట్విన్ వాస్ప్ ఇంజన్లు, ఒక్కోదానికి రెండు వరసల్లో 14 సిలిండర్లు, అన్నీ గాలితో చల్లబడేవే. పైలట్ హెడ్డు వేడి చూపే ముల్లుని గమనిస్తూ ఇంజన్ చుట్టూ ఉన్న రేకు తలుపుల్ని తెరిచీ మూసీ గాలిని సర్దుకునేవాడు. బీటిల్‌లో ఆ తలుపుల పని ఒక థర్మోస్టాట్ తనంతట తాను చేసుకుంటుంది. డ్రైవర్‌కి చెప్పదు.

ఇప్పుడు ఆదివారం పొద్దున బెంగళూరు రోడ్లమీద కనిపించే పాత బీటిళ్లకు పెట్టుకునే మీటరు ఆ వంశానిదే. స్పార్క్ ప్లగ్గు విప్పి, దాని వాషర్ తీసేసి, ఆ స్థానంలో తీగలు అతికిన రింగు పెట్టి బిగిస్తారు. వినడానికి ఇంతే. మూడో ప్లగ్గు కంటికి కనబడని మూల ఉంటుంది, వేళ్లతో తడుముకుంటూ స్పానర్ తిప్పాలి. ఇంజన్ వెనక, మీటరు ముందు కాబట్టి తీగ బండి పొడవునా లాగాలి. చాలక మధ్యలో మామూలు రాగి వైరు అతికితే లెక్క తప్పుతుంది, ఆ అతుకులు కూడా వేడికి స్పందిస్తాయి గనక. అన్నిటికంటే చిత్రమైన పొరపాటు ప్లగ్గు వైరు చుట్టూ ఉండే రబ్బరు మూత దగ్గర జరుగుతుంది. కొత్త తీగ అడ్డొచ్చి ఆ మూత సరిగ్గా కూర్చోకపోతే, ఫ్యాన్ కొట్టే గాలి ఆ సందులోంచి బయటికి పోతుంది. వేడి కొలవడానికి పెట్టిన తీగే వేడి పెంచుతుంది.

మీటరులో ఇంకో తిరకాసుంది. థర్మోకపుల్ చెప్పేది రెండు కొసల తేడా మాత్రమే. ఎండలో నిలబెట్టిన కారు లోపల 45 డిగ్రీలుంటే, ఆ మేరకు పాత ముల్లు మీటర్లు తక్కువ చూపిస్తాయి. బెంగళూరు ఎస్.పీ. రోడ్డులో చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు కొని సొంతంగా డిజిటల్ మీటరు కట్టుకునే కుర్రాళ్లకి ఈ బాధ లేదు. అందులోని చిప్ తానున్న చోటి వేడిని కూడా లెక్కలో కలుపుకుంటుంది.

మరి ఆ అంకెను చూసి ఏం చేయాలి? ప్లగ్గు కింద 150 నుంచి 200 డిగ్రీల మధ్య తిరుగుతుంటే కంగారక్కర్లేదు. 230 దరిదాపుల్లోకి పాకుతుంటే కాలు తీయాలి. చాలామంది అనుకున్నట్టు బెంగళూరు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్ ఈ ఇంజన్‌కి పెద్ద శత్రువు కాదు. ఈ ఫ్యాన్ బండి వేగంతో కాదు, ఇంజన్ వేగంతో తిరుగుతుంది. నిలబడ్డ బండిలో ఇంజన్ చేసే వేడీ తక్కువే. బెంగళూరు 900 మీటర్ల పైన ఉంది కాబట్టి గాలి పల్చన, ఫ్యాన్ తోసే గాలి బరువూ తక్కువ. కానీ ఇంజన్ పీల్చే గాలీ పల్చనే, పుట్టే వేడీ ఆ మేరకు తగ్గుతుంది. చాలావరకు చెల్లుకు చెల్లు.

అసలు పరీక్ష నంది కొండ మలుపుల్లోనూ, ఏప్రిల్ మధ్యాహ్నం బాగేపల్లి దాటి అనంతపురం వైపు సాగే దారిలోనూ. అక్కడ మనవాళ్ల మైలేజీ పిచ్చి ఇంజన్‌కి యముడు. ఎత్తులోనూ టాప్ గేరులోనే మూలుగుతూ లాగిస్తే పెట్రోలు కలిసొస్తుందని నమ్మకం. నీళ్ల ఇంజన్‌కి చెల్లిందేమో గానీ ఇక్కడ ఫ్యాన్ నెమ్మదిస్తుంది, భారం మాత్రం నిండుగా ఉంటుంది, మూడో సిలిండర్ హెడ్డు వేడి చూస్తుండగానే ఎగబాకుతుంది. మూడో గేరులోకి దింపితే ఇంజన్ అరుస్తుంది, మొదటిసారి వినేవాడికి గుండె గుభేలుమంటుంది. కానీ ఫ్యాన్ పుంజుకుని హెడ్డు ముల్లు కాసేపట్లోనే దిగడం మొదలుపెడుతుంది. ఆయిల్ మాత్రం నిదానస్తురాలు. రెండున్నర లీటర్లే అయినా, పైకెక్కిన వేడి దిగడానికి ఇంకొంత దూరం పడుతుంది. ఆయిల్ వేడి చూపే మీటరు ఒక్కటే పెట్టుకున్నవాడికి ఈ కబురు ఆలస్యంగా అందుతుంది.