పండుగనాటి నిప్పు

తెలుగువారి పండుగలలో నిప్పునకు పెద్దపీట కలదు. దీపావళినాడు వాకిట ప్రమిదలు వెలుగును. కార్తీకమాసమున తిరుపతి కపిలతీర్థమునందును, శ్రీకాళహస్తియందును, పల్లెపల్లెలోని గుడులయందును దీపములు బారులు తీరును. సంక్రాంతికి ముందునాటి వేకువను చలిలో భోగిమంటలు లేచును. మనము నమస్కరించు ఆ అగ్నియే అదుపు తప్పినచో ఇంటిని బూడిద చేయును. అది కాల్చుటకు ఎక్కువ కాలము పట్టదు. కాలిన ఇంటిని తిరిగి నిలుపుటకు మాత్రము పేదకుటుంబమునకు ఏండ్లు పట్టును.

నిప్పు పుట్టుటకు మూడు వస్తువులు కావలెను: కాలెడి పదార్థము, గాలిలోని ప్రాణవాయువు, అంటుకొనుటకు చాలినంత వేడి. ఈ మూడును కలిసినగాని మంట పుట్టదు. వీనిలో ఏ ఒక్కదానిని తొలగించినను అది నిలువదు. మూకుడులో నూనె అంటుకొన్నప్పుడు మూత పెట్టినచో ఆరిపోవుటకు కారణమిదియే. గాలి అందకుండుటచే మంట చచ్చును. గడ్డిపై నీరు చల్లినచో వేడి తగ్గి ఆరును. అగ్నిభయమును తప్పించుకొను ఉపాయములన్నియు ఈ ఒక్క సూత్రములోనే ఇమిడియున్నవి.

చిత్తూరు, తిరుపతి ప్రాంతపు పల్లెలలో మిద్దెల ప్రక్కనే బోదకొట్టములు నేటికిని అక్కడక్కడ కానవచ్చును. కొందరు వానిలో కాపురముందురు. కొందరు పశువులను కట్టుదురు. వేరుసెనగ పంట చేతికి వచ్చిన తరువాత కట్టెను వామిగా వేయుదురు. వరిగడ్డి వాములును ఇండ్లకు దాపుననే యుండును. ఈశాన్య ఋతుపవనములవలన దీపావళి దినములలో ఈ సీమలో వానలు పడుట కలదు. కప్పు పైన తడిసియున్నది గదా అని జనులు ధైర్యము చెందుదురు. కాని పైగడ్డి తడిసినను లోపలిగడ్డి పొడిగానే యుండవచ్చును. అందులో పడిన నిప్పురవ్వ నివురుగప్పిన నిప్పువలె కొంతసేపు దాగియుండి, అందరును నిద్రించిన పిమ్మట గాలి తగిలి మండును.

బాణసంచాకు మరియొక గుణము కలదు. సామాన్యమైన నిప్పునకు బయటిగాలి కావలెను. బాణసంచా మందులో గంధకము, బొగ్గు మొదలైనవానితో సురేకారమువంటి పదార్థములు కలిసియుండును. ఇవి కాలునపుడు ప్రాణవాయువును తామే సమకూర్చును. కావున గుడ్డ కప్పినను మూత పెట్టినను అట్టి నిప్పు వెంటనే ఆరదు. దానిని నీటి బక్కెటలో ముంచవలెను. నీరు 100 డిగ్రీల వేడిమిలో మరుగును. చిన్నపిల్లల చేతికిచ్చు కాకరపువ్వొత్తి వెలుగునపుడు దాని వేడిమి 1000 డిగ్రీలకు మించును. ఆరిన పిమ్మటను దాని తీగ చాలసేపు కాలుచుండును. దానిని నేలపై పారవేసినచో, చీకటిలో వెనుక వచ్చువాని పాదము కాలును.

2022 అక్టోబరులో, దీపావళికి ముందు, తిరుపతి జిల్లా వడమాలపేటలో బాణసంచా అంగళ్లు అంటుకొన్నవి. ఆ నెల 23వ తేదీ ఉదయమున విజయవాడ జింఖానా మైదానములోని అంగళ్లలో మంటలు లేచి ఇద్దరు మరణించిరి. ఒకచోట రాశిగా పోసిన మందుసామానునకు ఒక్క రవ్వ చాలును. అందువలన బాణసంచాను ఇంటిలో, అందును వంటయింటి దాపున, దాచరాదు. కావలసినంత మాత్రమే కొని, మూతగల పెట్టెలో ఉంచి, వాకిటికి ఒకటొకటిగా తేవలెను.

తారాజువ్వ విషయమున మరింత జాగ్రత్త వలయును. దానిని వెలిగించువాడు మిద్దెవాకిట నిలిచి వెలిగించును. అది పోయి పడునది ఎక్కడనో ఎవరికిని తెలియదు. ఒకని వేడుక క్షణకాలము; వేరొకని కొట్టము, గింజలు, దూడ, పిల్లల పుస్తకములు అన్నియు ఆ క్షణములోనే పోవచ్చును. గడ్డియిండ్లును వాములును ఉన్నచోట తారాజువ్వను వెలిగింపకుండుటయే పొరుగువాని యెడల ధర్మము.

ప్రమిదలను తెరలకును, పందిరి ఆకులకును, కాగితపు తోరణములకును దూరముగా, చదునైన చోట ఉంచవలెను. దీపము వెలుగుచుండగా ఇల్లు విడిచి పోరాదు. జారుడు పావడా అంచులను, వోణీ కొంగును సవరించుకొని దీపము కడకు పోవలెను. నైలాన్ బట్ట కరగి చర్మమునకు అంటుకొనును గనుక నూలుబట్టయే మేలు. అలంకారపు విద్యుద్దీపముల తీగలు చిట్లియున్నచో వాడరాదు. ఒకే ప్లగ్గునకు అనేక తీగలు తగిలించినచో అవి వేడెక్కి అంటుకొనును. వంటగ్యాసు గాలికంటె బరువైనది. కారినచో నేలబారున నిలుచును. దాని వాసన తగిలినపుడు స్విచ్చి వేయరాదు, తీయరాదు, దీపము వెలిగింపరాదు. రెగ్యులేటరును మూసి తలుపులు తెరువవలెను.

భోగిమంటను ఇండ్లకును, వాములకును, కరెంటు తీగలకును దూరముగా వేయవలెను. కిరసనాయిలు పోయరాదు. రబ్బరు, ప్లాస్టిక్కు వేసినచో విషపుపొగ పుట్టును. మంట తగ్గినంతనే ఇంటికి పోక, నీరు చల్లి, కట్టెతో కెలికి, నిప్పు మిగులలేదని చూచి పోవలెను.

ఇంతజాగ్రత్త పడినను మంట లేచినచో ముందుగా మనుష్యులు బయటికి రావలెను. పొగ పైకి లేచును గనుక నేలకు వంగి ప్రాకుచు రావలెను. సామానులకై మరల లోనికి పోరాదు. వెంటనే 101 సంఖ్యకు ఫోను చేసి ఊరిపేరు, దారిగుర్తు స్పష్టముగా చెప్పవలెను. బట్టలు అంటుకొన్నవాడు పరుగెత్తినచో గాలి తగిలి మంట పెరుగును. అతడు నేలపై పడి దొర్లవలెను. మండు నూనెపైనను, కరెంటు మంటపైనను నీరు పోయరాదు. కాలినచోట పసుపు, సిరా, పేస్టు పూయక, ఇరువది నిమిషములు చల్లని నీటిధార పోసి వైద్యుని కడకు తీసికొనిపోవలెను.

1944 ఏప్రిల్ 14వ తేదీన బొంబాయి రేవులో ప్రత్తిబేళ్లను, ప్రేలుడు సామగ్రిని ఒక్కటిగా నింపిన ఓడకు నిప్పంటుకొని ప్రేలినది. దానిని ఆర్పబోయిన అగ్నిమాపకదళమువారు అనేకులు అసువులు బాసిరి. వారి స్మరణార్థము మన దేశమున ఏటేట ఏప్రిల్ 14 నుండి 20 వరకు అగ్నిమాపక వారోత్సవములు జరుగుచున్నవి. అంతటి త్యాగము వేరొకరికి అవసరము కాకుండ చూచుట ప్రతి ఇంటివారి పని.

ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వినందువలన ఫలములేదు. పండుగనాటి సాయంకాలము వాకిట రెండు బక్కెటల నీరు, ఒక గంపెడు ఇసుక ఉంచుట ఎనిమిదవ తరగతి చదువు పిల్లవాడు సైతము చేయగల పని. ప్రమిదలు పెట్టుటకు ముందే వానిని పెట్టవలెను.