గడ్డి మందు, తేనెటీగ కడుపు

గ్లైఫోసేట్‌ను వెనకేసుకొచ్చేవాళ్లు మొదటినుంచీ ఒకటే జవాబు చెబుతున్నారు. 1974లో మోన్‌శాంటో 'రౌండప్' పేరుతో బజారులోకి తెచ్చిన ఈ గడ్డి మందు, మొక్కలు కొన్ని అమైనో ఆమ్లాలు తయారు చేసుకోవడానికి వాడుకునే ఒక ఎంజైమును ఆపేస్తుంది. ఆ ఎంజైము మనుషుల్లో లేదు, జంతువుల్లో లేదు, పురుగుల్లోనూ లేదు. కాబట్టి వాటికి భయం లేదన్నారు. మొదటి మాటలో తప్పు లేదు, చిక్కంతా ఆ 'కాబట్టి' దగ్గరే. జంతువు పేగుల్లో కాపురముండే బాక్టీరియాలో చాలావాటికి ఆ ఎంజైము ఉంది. ఒంట్లో చొరబడే క్రిములకు అడ్డం నిలిచేవాళ్లలో అవీ ఉన్నాయి.

2018లో అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు తేనెటీగలకు పంచదార పాకంలో కాస్త గ్లైఫోసేట్ కలిపి తాగించారు. తోటల్లో, పొలం గట్లమీద ఈగలకు తగిలే అవకాశమున్న మోతాదే అది. పేగులో ముఖ్యమైన ఎనిమిది రకాల బాక్టీరియాలో నాలుగు తగ్గిపోయాయి. అన్నిటికన్నా దెబ్బతిన్నది పేగు గోడను అంటిపెట్టుకుని ఉండే స్నోడ్‌గ్రాసెల్లా. తర్వాత సెరేషియా అనే క్రిమిని సోకించారు (ఆసుపత్రుల్లో బలహీనపడ్డ రోగులనూ పట్టేది ఇదే). మందు తగలని ఈగల్లో ఎనిమిది రోజుల తర్వాత దాదాపు సగం బతికి ఉంటే, మందు తగిలినవాటిలో మిగిలింది పదో వంతు.

ఈగ వేరు, మనిషి వేరు అనే అభ్యంతరం న్యాయమైనదే. మన పేగులో బాక్టీరియా రకాలు వందల్లో ఉంటాయి, ఒకటి తగ్గితే ఇంకొకటి ఆ పని అందుకోవచ్చు. పైగా డెన్మార్క్‌లో ఎలుకల మీద చేసిన పరీక్షలో పెద్ద మార్పేమీ కనిపించలేదు. తిండిలోంచే అమైనో ఆమ్లాలు దొరుకుతుంటే బాక్టీరియా సొంతంగా చేసుకోనక్కర్లేదు కదా! మరోవైపు ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు 2020లో జన్యువులను పరిశీలించి, మన పేగులోని ప్రధాన జాతుల్లో 54 శాతం ఈ మందుకు లొంగే రకానివి కావచ్చన్నారు. అది కాగితం మీది అంచనా, జబ్బుకు రుజువు కాదు. అందుకే గ్లైఫోసేట్ మనకు అంటురోగాలు తెస్తోందని నేను అనను. నా వాదన పరీక్ష గురించి. విషం ఒక్కటే ఇచ్చి, ఎన్ని చచ్చాయో లెక్కపెట్టే పద్ధతిలో గ్లైఫోసేట్ తేనెటీగలకు పెద్దగా హాని చేయనిదిగానే తేలింది. టెక్సస్‌లో తేడా బయటపడింది ఆ తర్వాత సెరేషియాను తెచ్చిపెట్టారు కనుకే.