నీటికాసులకు చుక్కల మందు: అపోహలు – వాస్తవాలు

గుజరాత్‌లో సూరత్ దగ్గరి పల్సానా, కడోదరా మిల్లుల వైపు పనిచేసే మనవాళ్ళకు అక్కడి కంటి డాక్టరు ‘ఝామర్’ అని చెబితే, అది నీటికాసులే. గ్లాకోమా అన్నా అదే. శుక్లం తీయించుకుంటే చూపు తిరిగొస్తుంది. నీటికాసులు అలా కాదు. కంటి నరం దెబ్బతిని పోయిన చూపు ఏ మందుతోనూ, ఏ ఆపరేషన్‌తోనూ రాదు. ఉన్న చూపును నిలబెట్టుకోవడమే వైద్యం. చాలామందికి ఆ వైద్యం రోజూ వేసుకునే చుక్కల మందు.

“నొప్పి లేదు, బాగానే కనిపిస్తోంది. మందు దేనికి?”

ఎక్కువమందిలో ఉండే రకానికి నొప్పే ఉండదు. చూపు పక్కల నుంచి తగ్గుతూ వస్తుంది. ఎదురుగా తెగిన పోగు స్పష్టంగా కనిపిస్తున్నంత కాలం పక్కచూపు పోతున్న సంగతి తెలియదు. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో ఈ రకం నీటికాసులు బయటపడ్డవాళ్ళలో పదింట తొమ్మిది మందికి పైగా తమకు జబ్బుందని అప్పటిదాకా తెలియదు. మందు వేసుకున్నా హాయిగా అనిపించదు, మానేసినా బాధ తెలియదు. అందుకే మానేయడం అంత తేలిక. కానీ స్వీడన్‌లో ఏళ్ళ తరబడి రోగులను గమనించిన ఒక అధ్యయనంలో, కంటి ఒత్తిడి (చుక్కలు తగ్గించేది దాన్నే) ఒక్కో మిల్లీమీటరు తగ్గినకొద్దీ జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గింది.

“ప్రెషర్ నార్మల్‌కి వచ్చింది, ఇక ఆపేయొచ్చు” అనేవాళ్ళూ ఉన్నారు. అది నార్మల్‌కి వచ్చింది మందు వల్లనే. ఆపితే మళ్ళీ పెరుగుతుంది.

“రెండు మూడు చుక్కలు వేస్తే గట్టిగా పనిచేస్తుంది”

కంటి రెప్పల మధ్య ఒక చుక్కకే చోటు చాలదు. రెండోది చెంప మీదికి కారిపోతుంది, సీసా నెల తిరక్కముందే ఖాళీ అవుతుంది. చెయ్యాల్సింది వేరే ఉంది. సబ్బుతో చేతులు కడుక్కోండి. తల వెనక్కి వాల్చి, కింది రెప్పను వేలితో లాగితే చిన్న సంచిలా విచ్చుకుంటుంది. చుక్క పడాల్సింది అందులో. సీసా మూతి రెప్పకు గానీ వెంట్రుకలకు గానీ తగలకూడదు. తగిలితే మందులోకి క్రిములు చేరతాయి. చుక్క పడగానే కళ్ళు మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలలో వేలితో రెండు మూడు నిమిషాలు అదిమి పట్టండి. కన్నీళ్ళు ముక్కులోకి దిగే దారి అక్కడే ఉంది. అది మూసుకుంటే మందు కంట్లో నిలుస్తుంది. గొంతులో చేదు తగిలిందంటే మందు ఆ దారినే జారిపోయిందన్నమాట. రెండు రకాల మందులుంటే మధ్యలో కనీసం ఐదు నిమిషాలు ఆగాలి. వెంటనే వేస్తే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చెయ్యి వణికేవాళ్ళు పడుకుని ఇంట్లోవాళ్ళతో వేయించుకోవడం మేలు.

“కంట్లో వేసే మందు ఒంటికేం చేస్తుంది?”

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఈ మాటే. టిమొలాల్ చవకైన మందు, బాగా పనిచేస్తుంది, చాలామందికి రాస్తారు. కానీ అది ముక్కు దారిన రక్తంలో కలిస్తే గుండె వేగాన్ని తగ్గించగలదు, ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఊపిరాడకుండా చేయగలదు. ఏళ్ళ తరబడి మగ్గాల షెడ్డులో దూది నుసి పీల్చి ఆయాసపడే మనిషి ఆ సంగతి కంటి డాక్టరుకు చెప్పకపోతే ఎలా? “కంటికీ ఊపిరితిత్తులకీ ఏం సంబంధం” అనుకుని ఊరుకోవద్దు. ఆయాసం, గుండె జబ్బు, వాడుతున్న బీపీ మాత్రలు, గర్భం, అన్నీ చెప్పాలి. చుక్కలు మొదలుపెట్టాక ఆయాసం వచ్చినా, కళ్ళు తిరిగినా వెంటనే డాక్టరుకు చెప్పండి. వేరే మందులు ఉన్నాయి.

“కన్ను ఎర్రబడితే మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకుంటే సరి”

అలా ఇచ్చే సీసాల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ ఉంటుంది. ఎరుపు, దురద ఇట్టే తగ్గుతాయి కాబట్టి నమ్మకం కుదురుతుంది, మళ్ళీ మళ్ళీ అదే కొంటారు. వారాల తరబడి వాడితే కొందరిలో కంటి ఒత్తిడి పెరిగి, లేని నీటికాసులు వస్తాయి, ఉన్నవి ముదురుతాయి. డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని సీసా మీద ఉంటే డాక్టరు చెప్పకుండా కంట్లో వేయకండి. పక్కింటివాళ్ళ చీటీతో తెచ్చినదీ అంతే.

“రాత్రి వేయమన్నారు, నాది నైట్ షిఫ్టు. అందుకే వేయలేదు”

లాటానోప్రోస్ట్ లాంటివి రోజుకు ఒక్కసారే, మామూలుగా రాత్రి పూట వేస్తారు. షిఫ్టు మారినా రోజూ ఒకే వేళకు పడటం ముఖ్యం. మీ డ్యూటీ వేళలు డాక్టరుకు చెప్పి, కుదిరే సమయం అడగండి. ఒకపూట మర్చిపోతే మర్నాడు రెండింతలు వేయవద్దు. చాలా రకాల లాటానోప్రోస్ట్‌ను మూత తీసేదాకా ఫ్రిజ్‌లో ఉంచాలి. తీశాక ఎండ తగలని చల్లని చోట పెట్టుకోవచ్చు. సీసా మీద మూత తీసిన తేదీ రాసుకోండి. సాధారణంగా నాలుగు వారాలు దాటాక, మిగిలినా పారేయాలి.

దసరాకు ఊరికి వెళ్తున్నప్పుడు కొత్త సీసా, డాక్టరు చీటీ వెంట ఉంచుకోండి. ఊళ్ళో ఉన్న అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు కూడా సంగతి చెప్పండి. తోబుట్టువులకు ఉంటే మిగతావాళ్ళకు వచ్చే అవకాశం ఎక్కువ, కంటి ఒత్తిడీ నరమూ చూపించుకోవాలి. ఉన్నట్టుండి కన్ను ఎర్రబడి, తలా కన్నూ పగిలిపోయేంత నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తే మాత్రం చుక్కలతో ఆగక, తెల్లవారేదాకా చూడక, అప్పటికప్పుడే కంటి ఆసుపత్రికి వెళ్ళాలి.