‘ఎఱ్ఱనివాడు’: అద్మోనీ అను హెబ్రీ పదము

దావీదు అభిషేకమును గూర్చి ప్రసంగించునప్పుడు ‘ఎఱ్ఱనివాడు’ అను మాటకు మనము అర్థము చెప్పకపోయినను, వినువారు తామే చెప్పుకొందురు. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ‘ఎర్రగా బుర్రగా ఉన్నాడు’ అంటే మంచి మేనిఛాయ గలవాడని అర్థము. పెండ్లి సంబంధముల వేళ ఈ మాట ఎంత పనిచేయునో కాపరులకు తెలియును. కాబట్టి దావీదు తెల్లగా ఉండెను గనుక చక్కనివాడని సండే స్కూలు పిల్లలు గ్రహింతురు. వారిలో నల్లని పిల్లలే ఎక్కువ.

మూలములోని పదము ‘అద్మోనీ’. పాత నిబంధనలో ఇది మూడు చోట్లనే కలదు: ఏశావును గూర్చి ఆది 25:25లో, దావీదును గూర్చి 1 సమూ 16:12లోను 17:42లోను. దీనికి సంబంధించిన ‘ఆదోమ్’ అను వర్ణపదము యాకోబు వండిన వంటకమునకును, సంఖ్యా 19లోని పెయ్యకును, జెకర్యా 1:8లోని గుఱ్ఱమునకును వాడబడినది. మన రైతు ‘ఎర్రావు’ అన్నప్పుడు చెప్పు రంగు ఇదే. తెలుపుతో దీనికి పనిలేదు.

ఏశావు విషయములో సందేహము తక్కువ. అదే వచనములో ఒంటినిండ రోమములున్నవని చెప్పబడినది గనుక ఎరుపు ఆ వెండ్రుకలదే. సెప్టువజింతు అనువాదకులు మూడు చోట్లను నిప్పురంగును తెలుపు గ్రీకు మాటను ఉంచిరి. లాటిను వల్గేటులో ‘రూఫుస్’ అని యున్నది. రోమీయులు ఎర్రజుట్టు వానిని ఆ పేరుతో పిలిచిరి. మార్కు 15:21లోని రూఫు పేరు అదియే. లూథరు మాత్రము దావీదుకు గోధుమవన్నె అను అర్థమిచ్చు జర్మను మాటను వాడెను. రేపల్లెలోని లూథరన్ సోదరులు దీనిని గమనింతురు గాక!

రబ్బీలకు ఈ రంగు ప్రశంసగా తోచలేదు. దావీదును చూచి, వీడును ఏశావువలె రక్తము చిందించునేమోనని సమూయేలు భయపడెనని ఆదికాండ రబ్బా చెప్పుచున్నది. గొల్యాతు తృణీకారమునకు చూపబడిన కారణములలోను బాల్యముతోపాటు అద్మోనీ కలదు. తెల్లని ఛాయ అను అర్థము అక్కడ ఎట్లు పొసగును?

అయితే ‘ఎర్రజుట్టు’ అని ఊరకనే అనుటయు మంచిది కాదు. మన పల్లెలలో అది నూనెలేక, సరియైన తిండిలేక రంగు మారిన జుట్టు. ఏశావుకు ‘రాగిరంగు జుట్టు గలవాడు’ అనవచ్చును. దావీదు వచనములలో జుట్టు ప్రస్తావన లేదు గనుక ‘రాగిరంగువాడు’ అని చెప్పి, 16:7ను ముందుగా చదివి, పిమ్మట 12వ వచనమునకు రావలెను.