ఎత్తివేసిన రైలుదారి తిరిగి వచ్చుటకు జాప్యమేల?

రైలుదారిని ఎత్తివేయుటకు ఒక్క ఉత్తరువు చాలును. తిరిగి నిలుపుటకు రెండు తరములు పట్టవచ్చును. కాకినాడ–కోటిపల్లి మార్గము ఇందుకు నిదర్శనము. గోదావరి తీరపు వృత్తాంతముతో వెలిగండ్ల, కనిగిరి, మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల పంచాయతీ సభ్యులకు పనియేమని తోచవచ్చును. నడికుడి–శ్రీకాళహస్తి కొత్త మార్గము దర్శి, పొదిలి, కనిగిరి, పామూరుల మీదుగా మన మెట్టప్రాంతమునకు రావలసియున్నది. పాతదారిని పునరుద్ధరించుటకైనను, కొత్తదారిని నిర్మించుటకైనను జాప్యము కలిగించు కారణములు చాలవరకు ఒక్కటియే. వానిని ముందుగా తెలిసికొన్న గ్రామము తన వంతు పనిని సకాలమున చేసికొనగలదు.

అరువదినాలుగేండ్ల ఎదురుచూపు

కాకినాడ నుండి రామచంద్రపురము, ద్రాక్షారామముల మీదుగా గౌతమీ తీరమునగల కోటిపల్లి వరకు సుమారు 45 కిలోమీటర్ల మార్గము 1928లో ఏర్పడినది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, 1940లో, ఆనాటి ప్రభుత్వము పట్టాలను ఊడదీయించి యుద్ధావసరములకు తరలించినది. 1945లో యుద్ధము ముగిసినది. 1947లో స్వరాజ్యము వచ్చినది. పట్టాలు మాత్రము రాలేదు. 1998 నుండి 2002 వరకు లోక్‌సభ స్పీకరుగా నుండిన శ్రీ జి. యం. సి. బాలయోగిగారు ఈ మార్గమునకై విశేషముగా కృషిచేసిరి. 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదమున వారు మరణించిరి. 2004లో ఆ దారిని తిరిగి బండి నడచినది. పట్టాలు తీసిననాడు పదేండ్ల బాలుడైనవానికి అప్పటికి డెబ్బదినాలుగేండ్లు నిండినవి.

దారిని విడుచుటలోను భేదము కలదు. నల్లమలలో దిగువమెట్ట, గాజులపల్లెల నడుమ దొరబావి వంతెన మీదుగా పోయెడి మీటరుగేజి దారిని, బ్రాడుగేజికి మార్చు సందర్భమున విడిచిపెట్టిరి. అప్పుడు బొగద సొరంగపు దారి బదులుగా ఏర్పడినది గనుక గిద్దలూరు వారికి రైలు లేకుండ పోలేదు. కోటిపల్లి వారికట్టి బదులుదారి లేకుండెను.

జాప్యమునకు కారణములు

మొదటిది భూమి. బండి నడవని కట్ట నానాటికి కరిగిపోవును. దానిపై కొంత పొలమగును, కొంత బాటయగును, కొంత ఇండ్లస్థలమగును. పాతకాలపు తూములు, వంతెనలు నేటి బరువైన బండ్లకు చాలవు. కావున పునరుద్ధరణమనగా పేరునకే పాతదారి. పని యంతయు క్రొత్తదే.

రెండవది ధనము. రైల్వేవారు ఒక మార్గమునకు వ్యయమెంత, రాబడి యెంత యని లెక్కచూతురు. రాబడి తక్కువగా తోచినచోట రాష్ట్ర ప్రభుత్వము కూడ వ్యయములో పాలుపంచుకొనవలయునని కోరుదురు. నడికుడి–శ్రీకాళహస్తి మార్గము 2011–12లో మంజూరైనది. పొడవు 309 కిలోమీటర్లు. రాష్ట్రము వ్యయములో సగము భరించి, భూమినికూడ ఇచ్చునట్లు ఒప్పుకొన్నది. ఇరువురి వాటాలును సకాలమున చేరినగాని పని సాగదు. ఆలస్యమైన కొలది ఇనుము, సిమెంటు, కూలి ధరలు పెరిగి అంచనాలు పెరుగును. పెరిగిన అంచనాకు మరల అనుమతి కావలసివచ్చును. ఈ విధముగా జాప్యమే మరియొక జాప్యమునకు కారణమగును. ఈ మార్గమున పిడుగురాళ్ల–శావల్యాపురముల నడుమ భాగము ముందుగా పూర్తియైనది. మంజూరై పదేండ్లు దాటినను మొత్తము మార్గము ముగింపునకు రాలేదు.

మూడవది నదులు. కోటిపల్లి నుండి నరసాపురము వరకు మరి 57 కిలోమీటర్ల పొడిగింపు 2000–01లోనే మంజూరైనది. గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలపై మూడు పెద్ద వంతెనలు కావలెను. భూసేకరణ, నిధుల చిక్కులు వీనికి తోడై 2024 నాటికిని ఆ మార్గము పూర్తికాలేదు.

వచ్చిన బండి నిలుచుట

బండి వచ్చినంతమాత్రమున చింత తీరదు. కోటిపల్లి మార్గమున నడచిన రైలుబస్సు, 2020లో కోవిడ్ కారణముగా దేశమంతటను ప్రయాణికుల బండ్లు ఆగినపుడు తానును ఆగినది. ఇతర మార్గములలో బండ్లు తిరిగి నడచినను, అది ఏండ్ల తరబడి కదలలేదు. ఊరికి దూరముగా స్టేషను, స్టేషనుకు పోవుటకు మంచిబాట లేకుండుట, పనివేళలకు పొసగని సమయములు, వీనివలన ప్రయాణికులు బస్సులకు, ఆటోలకు మరలుదురు. టిక్కెట్లు తగ్గినపుడు బండిని ఆపుటకు అదియే కారణముగా చూపబడును.

పంచాయతీ చేయదగినది

నిధులు మంజూరు చేయుట పంచాయతీ చేతిలో లేదు. భూమి రికార్డులను సిద్ధపరచుకొనుట మాత్రము గ్రామము చేతిలోనిదే. 2013 భూసేకరణ చట్టము క్రింద ప్రాథమిక ప్రకటనను పంచాయతీ కార్యాలయమున ప్రచురించి, గ్రామసభకు తెలుపవలెను. ఆక్షేపణలు తెలుపుకొనుటకు 60 దినముల గడువు కలదు. ప్రకటన వెలువడిన పిమ్మట ఆ భూములలో క్రయవిక్రయములు కలెక్టరు ప్రత్యేకానుమతి లేక చేయరాదు. రికార్డులను రెండు నెలలలో సరిచేయవలెను.

మన గ్రామములలో పట్టా తాతపేర నుండును, సాగు మనుమనిదై యుండును. అన్నదమ్ములు నోటిమాటగా పంచుకొని, కాగితము వ్రాసికొనకుందురు. అట్టి పొలములకు పరిహారము ఎవరికి చెల్లవలెనో తేలక నెలలు గడచును. రైతుకు సొమ్ము అందదు, పని ముందుకు సాగదు. కావున సర్వే రాళ్లు పడుటకు పూర్వమే వారసుల పేర్లు ఎక్కించుకొనవలసినదిగా సభ్యులు ఇంటింటికి చెప్పవలయును. బావులు, బోర్లు, చెట్లు కొలతలలో చేరునట్లు చూడవలయును.

కట్ట పడినతరువాత వాననీరు ఏ వాగున పోవును? పశువులు, బండ్లు ఏ దారిని దాటును? చెరువునకు నీరువచ్చు కాలువ తెగునా? ఈ ప్రశ్నలను నకాసులు తయారగునప్పుడే గ్రామసభ తీర్మానముగా వ్రాసి అధికారులకు పంపవలెను. కట్ట పూర్తియైన పిదప తూము పెట్టించుట దుర్లభము. స్టేషనుకు పోవు బాటను, బండ్ల వేళలకు పొసగు బస్సును ముందుగానే కోరవలెను.

కోటిపల్లి వారు పోయిన దారికొరకు 64 ఏండ్లు వేచిరి. మన ప్రాంతమునకు రానున్న దారి గ్రామమువైపు జాప్యముచే ఒక్కనెలయైనను ఆగకుండునట్లు సభ్యులు రాబోవు గ్రామసభలోనే భూమి రికార్డుల విషయమును చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాము.