ఎన్నికల ఖర్చు లెక్కలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: అభ్యర్థులు ఖర్చు లెక్క చెప్పాలన్న నిబంధన టి.ఎన్. శేషన్ తెచ్చినది.

వాస్తవం: శేషన్ 1990లో ప్రధాన ఎన్నికల కమిషనర్ అయ్యేనాటికే ఈ నిబంధనకు ఏడు దశాబ్దాల వయసు. 1920లో భారత శిక్షాస్మృతిలో ఎన్నికల నేరాల అధ్యాయం చేరింది. చట్టం అడిగిన ఖర్చు లెక్కలు రాయనివారికి 171-ఐ సెక్షన్ 500 రూపాయల వరకు జరిమానా పెట్టింది. బ్రిటన్‌లో అలాంటి చట్టం 1883 నుంచే ఉంది. స్వతంత్ర భారతంలో 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఆ బాధ్యతను అభ్యర్థి మీద ఉంచింది. శేషన్ ఘనత పాత చట్టాన్ని గట్టిగా అమలు చేయించడంలో ఉంది.

అపోహ: అండమాన్ నికోబార్‌లో 1952 నుంచే లోక్‌సభ అభ్యర్థులు లెక్కలు ఇస్తున్నారు.

వాస్తవం: అప్పట్లో అండమాన్ నికోబార్‌లో లోక్‌సభ ఎన్నికే లేదు. ఆ స్థానానికి సభ్యుణ్ణి రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. అలా మొదట సభకు వెళ్లినవారు నికోబార్‌కు చెందిన బిషప్ జాన్ రిచర్డ్‌సన్. 1965లో పార్లమెంటు చేసిన చట్టంతో ద్వీపవాసులకు ప్రత్యక్ష ఎన్నిక దక్కింది. 1967లో జరిగిన తొలి పోటీలో కాంగ్రెస్ అభ్యర్థి కె.ఆర్. గణేశ్ గెలిచారు. దేశమంతటా మూడు సాధారణ ఎన్నికలు ముగిశాక గానీ ఖర్చు లెక్కల నిబంధనకు ఇక్కడ పని పడలేదు.

అపోహ: ఓడినవారికి లెక్కతో పనిలేదు.

వాస్తవం: డిపాజిట్ పోయినవారు కూడా ఫలితం వెలువడిన 30 రోజుల్లో లెక్క ఇవ్వాలి. సరైన కారణం లేకుండా ఇవ్వకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లపాటు అనర్హత విధించవచ్చు. 1961 నియమాల ప్రకారం ఒక్క రూపాయి రుసుముతో ఎవరైనా ఆ లెక్కను చూడవచ్చు. ఓటరు చేతిలో ఉన్న ఈ హక్కు సంగతి చాలామందికి తెలియకపోవడం విచారకరం.

అపోహ: ఆ లెక్క చూస్తే పార్టీకి డబ్బిచ్చినవారెవరో తెలుస్తుంది.

వాస్తవం: ఆ లెక్క అభ్యర్థి ఎన్నికల ఖర్చు గురించినది, పార్టీకి వచ్చిన విరాళాల గురించి కాదు. ఇచ్చినవారి వైపు నుంచి వెలుగు పడింది కంపెనీల చట్టం ద్వారా. టాటా ఇనుము ఉక్కు కంపెనీ విరాళాల కేసులో, 1957లో, బొంబాయి హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా ఇలాంటి డబ్బు ప్రజాస్వామ్యానికి ప్రమాదమని హెచ్చరించారు. 1960 సవరణతో కంపెనీల విరాళాలకు పరిమితి వచ్చింది. ఏ పార్టీకి ఎంత ఇచ్చిందో కంపెనీ తన లాభనష్టాల ఖాతాలో చూపవలసి వచ్చింది. 1969లో ఆ విరాళాలనే నిషేధించారు. దాంతో బాహాటంగా వచ్చే డబ్బు చాటుకు వెళ్లిందన్న విమర్శ ఉంది, అది సబబైనదే. 1985లో నిషేధం ఎత్తివేశారు.

ఖర్చు వైపు ఇంకో పెద్ద లోపం ఏర్పడింది. అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చును కూడా ఆయన లెక్కలో చేర్చాలని 1974లో కన్వర్‌లాల్ గుప్తా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, తర్వాత చట్టం చేసి, పార్టీ ఖర్చును లెక్కనుంచి తప్పించింది. అభ్యర్థి ఖర్చుకు చట్టం పెట్టిన పరిమితి కాగితం మీదే మిగిలింది. 2003 సవరణ ఆ మినహాయింపును ముఖ్యంగా ప్రచార నేతల ప్రయాణ ఖర్చుకు కుదించింది. 20,000 రూపాయలు దాటిన విరాళాల వివరాలను పార్టీలు ఎన్నికల సంఘానికి నివేదించాలన్న సెక్షన్ కూడా ఆ ఏడే చట్టంలో చేరింది.