పంతుళ్లకు కొత్త పాఠం

స్టేషన్ ఘన్‌పూర్‌లో వరంగల్ వైపు రైలెక్కితే కాజీపేట వస్తుంది. అక్కడికి దగ్గర్లోని ఎన్‌ఐటీలో అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే ఎలక్ట్రానిక్స్, ఐసీటీ అకాడమీ ఉంది.

అధ్యాపకుల శిక్షణకు ఆన్‌లైన్ దారి కూడా ఏర్పడింది. 2017లో కేంద్రం ‘స్వయం’ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికను తెచ్చింది. అందులో కోర్సుకు నాలుగు భాగాలు: వీడియో పాఠం, చదువుకునే సామగ్రి, స్వీయ పరీక్ష, చర్చ. మరుసటి ఏడాదే అధ్యాపకుల కోసం అందులో ‘అర్పిత్’ అనే శిక్షణ మొదలైంది. 40 గంటల కోర్సు, సగం వీడియోలు, చివర్లో పరీక్ష. రోజూ పాఠం చెప్పేవారే విద్యార్థులుగా లాగిన్ అయ్యారు. ఆన్‌లైన్ పాఠం ఎక్కడ విసుగు పుట్టిస్తుందో అలా చేస్తేనే తెలుస్తుంది.

ఇక సొంతంగా ఆన్‌లైన్ పాఠం తయారుచేయాలంటే, ఏ బటన్ ఎక్కడుందో ఒక పూటలో పట్టుబడుతుంది. గంట ఉపన్యాసాన్ని పది నిమిషాల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్క చివర ఏ ప్రశ్న అడగాలో తేల్చుకోవడానికే టైం కావాలి. ఆ టైం కాలేజీలే ఇవ్వాలి. సిగ్నల్ సరిగా అందని పిల్లల కోసం వీడియో పక్కనే పీడీఎఫ్ నోట్సు కూడా పెట్టాలి.